సముద్రంపై దారి ఎవరిది?

మన ఉప్పల్ చౌరస్తా సంగతి ఎరుగని విద్యార్థి ఈ కళాశాలలో ఉండడు. రామంతాపూర్ నుండి వరంగల్ వైపు పోయే రహదారి, నాగోలు నుండి హబ్సిగూడ మీదుగా సికింద్రాబాదు పోయే దారి అక్కడ ఒకదానినొకటి దాటుతున్నవి. అక్కడ ఎర్ర, ఆకుపచ్చ దీపాలు ఉన్నవి, నేలపై తెల్లని గీతలున్నవి, పోలీసు ఉన్నాడు. కాలినడకన పోయేవారి కోసం 2023లో ఆకాశ వంతెన కూడా వెలసినది. ఇన్ని ఏర్పాట్లు ఉన్నప్పటికీ, నాచారం పారిశ్రామికవాడ నుండి బరువుతో వచ్చే లారీకి, తొందరలో ఉన్న ఆటోకు "దారి నాది" అనే వాదు ప్రతిదినం జరుగుతూనే ఉన్నది.

ఇక సముద్రాన్ని ఊహించండి. అక్కడ రోడ్డు లేదు, గీత లేదు, పోలీసు లేడు. లక్ష టన్నుల ఓడకు బ్రేకు అనే సాధనం లేదు. ఇంజను ఆపిన తరువాత కూడా అది కొన్ని కిలోమీటర్లు సాగిపోతుంది. ఒక ఓడ నావికుడి భాష మరొక ఓడ నావికుడికి తెలియకపోవచ్చు. అయినను రేయింబవళ్లు వేలకొలది ఓడలు ఎదురుపడి, ఒకదానినొకటి తప్పుకొని సాగిపోతున్నవి. ఏ కట్టుబాటు వలన ఇది సాధ్యమగుచున్నది? ఈ వ్యాసంలో ఆ కట్టుబాటును విద్యార్థులకు సులభంగా తెలియజేయ యత్నిస్తాము.

మనకు ఈ విషయమెందుకు?

సముద్రం మనకు మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది కదా, మనకు ఈ చర్చ ఎందుకని కొందరు అడుగవచ్చు. కాని హైదరాబాదుకు సముద్రంతో సంబంధం పాతదే. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు మచిలీపట్నం. దానిని నేటికీ తెలుగువారు "బందరు" అని పిలుస్తున్నారు. బందర్ అనగా పారసీక భాషలో రేవు. లంగరు, సరంగు అనే మాటలు కూడా పారసీకం నుండి వచ్చినవే. ఉర్దూలోని ఖలాసీయే తెలుగులో కళాసి అయినాడు. అరబ్బు నావికులు ఓడకు దారి చూపేవానిని "ముఅల్లిం" అనేవారు. పాఠశాలలో గురువుకు కూడా అదే పేరు. పదిహేనవ శతాబ్దికి చెందిన అహ్మద్ ఇబ్న్ మాజిద్ అట్టి ముఅల్లిములలో ప్రసిద్ధుడు. హిందూ మహాసముద్రపు దారులను, నక్షత్రాలను, గాలులను గురించి ఆయన గ్రంథాలు రచించినాడు.

వర్తమానంలోనూ ఈ సంబంధం తెగలేదు. సముద్రపు అలలను, సునామీలను గురించి దేశానికంతటికీ హెచ్చరికలు జారీచేసే కేంద్రం 1999లో స్థాపితమై మన హైదరాబాదులోనే పనిచేయుచున్నది. కనుక సముద్రపు నియమం మన పాఠానికి పరాయిది కాదు.

నియమాల పుట్టుక

తెరచాప ఓడల కాలంలో గాలియే సగం న్యాయాధిపతి. గాలి ఎటు వీస్తున్నదో దానిని బట్టి ఏ ఓడ తప్పుకొనవలెనో నావికుల ఆచారం నిర్ణయించేది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆవిరి ఓడలు వచ్చినవి. అవి గాలితో నిమిత్తం లేకుండ తమకు ఇష్టమైన దిక్కుకు వేగంగా పోగలవు. అప్పుడు పాత ఆచారం చాలలేదు. 1863లో బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు కలిసి ఒక నియమావళిని కూర్చగా, ఇతర దేశాలు కూడా దానిని అనుసరించినవి. 1889లో వాషింగ్టనులో సముద్రయానం గల దేశాలు సమావేశమై దానిని సంస్కరించినవి. తుదకు 1972 అక్టోబరు 20న లండనులో నేటి అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. అది 1977 జూలై 15 నుండి అమలులోకి వచ్చినది. తరువాత చేర్చిన వాటితో కలిపి ఇందులో ఇప్పుడు 41 నియమాలు ఉన్నవి.

మన దేశంలో 1958 నాటి వాణిజ్య నౌకా చట్టం క్రింద 1975లో ఈ నియమాలకు శాసనబలం కలిగించినారు. 2025లో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించినది. దేశాల చట్టాలు మారినను, సముద్రంపై ఓడలు తప్పుకొనే పద్ధతి మాత్రం ప్రపంచమంతటా ఒక్కటే.

దీపాల భాష

నియమాలలోకి పోవుటకు ముందు ఓడ దీపాలను తెలుసుకొనుట అవసరం. ముందుకు చూస్తూ నిలిచిన నావికునికి కుడివైపు ఓడ కుడిపక్క, ఎడమవైపు ఎడమపక్క. రాత్రివేళ కుడిపక్క ఆకుపచ్చ దీపం, ఎడమపక్క ఎర్ర దీపం వెలగవలెను. ఈ రెండూ ముందునుండి పక్కలకు 112.5 డిగ్రీల మేర మాత్రమే కనిపిస్తవి. వెనుక భాగాన 135 డిగ్రీల మేర కనిపించే తెల్లని దీపం ఉంటుంది. మూడింటినీ కూడితే 360 డిగ్రీల పూర్తి వలయం ఏర్పడుతుంది. ఇంజనుతో నడిచే ఓడకు స్తంభంపై ముందుకు వెలిగే మరొక తెల్లని దీపం కూడా ఉండవలెను.

ఈ ఏర్పాటు వలన లాభమేమి? చిమ్మచీకటిలో ఓడ ఆకారం కనిపించకున్నను, దీపాన్ని బట్టి అది ఏ దిక్కుకు పోవుచున్నదో తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనిపిస్తే అది నేరుగా మనవైపే వస్తున్నది. ఎరుపు మాత్రమే కనిపిస్తే దాని ఎడమపక్క మనవైపు ఉన్నది. వెనుకనున్న తెల్లదీపం ఒక్కటే కనిపిస్తే మనం దాని వెనుక ఉన్నాము.

ముప్పును గుర్తించుట

మొదటి కర్తవ్యం చూచుట. కంటితోను, చెవితోను, అందుబాటులో ఉన్న ప్రతి సాధనంతోను ఎల్లప్పుడూ నిఘా ఉంచవలెనని అయిదవ నియమం. రాడారు ఉన్నదని కన్ను మూసుకొనరాదు. ఆ తరువాత, సమయానికి ఆపుకొనుటకు, తప్పుకొనుటకు వీలైన వేగంతోనే పోవలెనని ఆరవ నియమం.

ఎదుటి ఓడతో ఢీకొనే ప్రమాదం ఉన్నదో లేదో తెలుసుకొనే ఉపాయాన్ని ఏడవ నియమం చెప్పుచున్నది. ఒక ఉదాహరణతో దీనిని వివరిస్తాము. మీరు బస్సు కిటికీ పక్కన కూర్చున్నారు. అడ్డదారి నుండి మరొక బస్సు వస్తున్నది. అది మీ కిటికీ చట్రంలో ముందుకో వెనుకకో జరిగిపోతే భయం లేదు. అది చట్రంలో ఒకే చోట నిలిచి, క్షణక్షణానికి పెద్దదగుచున్నదంటే రెండు బస్సులూ ఒకే చోటికి ఒకేసారి చేరుతున్నవని అర్థం. సముద్రంపై కిటికీ చట్రానికి బదులు దిక్సూచి ఉంటుంది. దిక్సూచిలో ఎదుటి ఓడ ఉన్న దిశ మారకుండ, దూరం మాత్రం తగ్గుతూ ఉంటే ప్రమాదం ఉన్నట్లే. అనుమానం కలిగినా ప్రమాదం ఉన్నట్లే భావించవలెను.

కాలం ఎంత తక్కువగా ఉంటుందో లెక్కించి చూడండి. ఒక నాటికల్ మైలు 1852 మీటర్లు. గంటకు 15 నాటికల్ మైళ్ల వేగంతో రెండు ఓడలు ఎదురెదురుగా వస్తే, వాటి నడుమ దూరం గంటకు 30 మైళ్ల చొప్పున తరుగుతుంది. అనగా నిమిషానికి అర మైలు. పెద్ద ఓడ పక్క దీపాలు కనీసం మూడు మైళ్ల దూరం నుండి కనిపించవలెనని నియమం. ఆ దూరంలో చూచిన నావికునికి మిగిలేది ఆరు నిమిషాలు మాత్రమే.

మూడు సందర్భాలు

రెండు ఇంజను ఓడలు కలుసుకొనే తీరులు ముఖ్యంగా మూడు.

ఒకటి, ఎదురెదురుగా వచ్చుట. అప్పుడు రెండు ఓడలూ తమ తమ కుడివైపునకు తిరగవలెను. ఆ విధంగా ఒకదాని ఎడమపక్క మరొకదాని ఎడమపక్కను దాటిపోతుంది. మన రహదారిపై ఎడమవైపు నడుచుట అలవాటైనవారికి ఇది తలక్రిందులుగా తోచవచ్చు.

రెండు, అడ్డంగా దాటుట. తన కుడిపక్కన మరొక ఓడను చూచిన ఓడయే తప్పుకొనవలెను. వీలైనంతవరకు దాని ముందునుండి దాటరాదు, వెనుకనుండి పోవలెను. ఇక్కడ మన రహదారితో ఒక పోలిక ఉన్నది. దీపాలు, పోలీసు లేని కూడలిలో కుడిచేతి వైపు నుండి వచ్చే వాహనానికి దారి ఇవ్వవలెనని మన రహదారి నియమాలు కూడా చెప్పుచున్నవి. కుడిపక్కనున్న ఓడ మనకు తన ఎడమపక్కను, అనగా ఎర్ర దీపాన్ని చూపిస్తుంది. మన ఆకుపచ్చ దీపం దానికి కనిపిస్తుంది. ఎరుపు చూచినవాడు తప్పుకొనవలెను. ఇంతకంటె సులభమైన గుర్తు మరొకటి లేదు.

మూడు, వెనుకనుండి వచ్చి దాటిపోవుట. దాటే ఓడ ఎట్టిదైనను, తెరచాప పడవయే అయినను, ముందున్న ఓడకు తానే దూరంగా తొలగి పోవలెను. పూర్తిగా దాటి దూరమయ్యేవరకు ఆ బాధ్యత దానిదే.

తిరుగుతున్నట్లు ఈల ద్వారా కూడా తెలియజేయవలెను. ఒక చిన్న కూత "కుడికి తిరుగుతున్నాను" అని, రెండు కూతలు "ఎడమకు తిరుగుతున్నాను" అని, మూడు కూతలు "ఇంజనును వెనుకకు నడుపుతున్నాను" అని అర్థం. అయిదు లేదా అంతకు మించిన చిన్న కూతలు వెంటవెంట వినిపిస్తే, "నీ ఉద్దేశం నాకు బోధపడలేదు" అని భావం.

దారి హక్కు కాదు, బాధ్యత

ఈ నియమాలలో అన్నింటికంటె గమనించదగిన విషయం ఇది. సామాన్యంగా మనం ఒక ఓడకు "దారి హక్కు" ఉన్నదని, రెండవదానికి లేదని అనుకొంటాము. అంతర్జాతీయ నియమావళిలో అట్టి హక్కు ఎవరికీ ఇవ్వబడలేదు. రెండు ఓడలకూ రెండు విధులు మాత్రమే ఇవ్వబడినవి. ఒకటి దారి ఇవ్వవలసిన ఓడ, రెండవది గతి నిలుపవలసిన ఓడ.

దారి ఇవ్వవలసిన ఓడ ముందుగానే, ఎదుటివారికి స్పష్టంగా కనిపించేటట్లు పెద్ద మలుపు తిరిగి తొలగిపోవలెను. కొద్దికొద్దిగా తిరుగుట తప్పు. ఎదుటివాడు దానిని గుర్తించలేడు.

గతి నిలుపవలసిన ఓడకు విశ్రాంతి లేదు. తన దిక్కును, వేగాన్ని మార్చకుండ సాగుట దాని విధి. ఎందుకనగా, తప్పుకొనే ఓడ దాని గతిని నమ్మి లెక్క వేసుకొంటుంది. మర్యాద కొరకు అదికూడా పక్కకు తిరిగితే లెక్క తప్పుతుంది. ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు మనుష్యులు ఇద్దరూ ఒకే పక్కకు తప్పుకొని మరల ఎదురుపడినట్లగును. అయితే దారి ఇవ్వవలసిన ఓడ తన పని చేయుట లేదని తేలినప్పుడు, గతి నిలుపవలసిన ఓడ తానే తప్పుకొనవచ్చును. ఇక ఆ ఒక్క ఓడ తిరిగినంత మాత్రాన ప్రమాదం తప్పదన్నంత దగ్గరకు వచ్చినప్పుడు "తప్పుకొనవచ్చును" అనేది "తప్పుకొని తీరవలెను" అని మారుతుంది. "దారి నాదే కదా" అని నిలిచి ఢీకొన్న నావికుడు నిర్దోషి కాడు. పదిహేడవ నియమం సారాంశం ఇదే.

పొగమంచులో ఈ భేదం కూడా ఉండదు. ఒకదానికొకటి కంటికి కనిపించనప్పుడు ఏ ఓడకూ గతి నిలిపే విధి లేదు. రెండూ వేగం తగ్గించి, కూతలు పెట్టుతూ, జాగ్రత్తగా తప్పుకొనవలెను. 1956 జూలై 25 రాత్రి అమెరికా తీరాన పొగమంచు ప్రాంతంలో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోం అనే ప్రయాణికుల ఓడలు ఢీకొన్నవి. రెండింటిలోనూ రాడారు ఉన్నది. ఒకటి ఎడమకు, మరొకటి కుడికి తిరుగుటతో రెండూ ఒకే వైపునకు వచ్చినవి. 50 మందికి పైగా మరణించినారు. యంత్రం ఎదుటి ఓడను చూపగలదు కాని, ఎదుటివాని మనస్సును చూపలేదని ఈ ఘటన లోకానికి నేర్పినది.

బలవంతుడు బలహీనునికి

వేర్వేరు తరగతుల ఓడలు కలిసినప్పుడు ఎవరు తప్పుకొనవలెను? పదునెనిమిదవ నియమం ఒక వరుసను ఏర్పరచినది. ఇంజను ఓడ తెరచాప పడవకు దారి ఇవ్వవలెను. ఆ రెండూ చేపలు పట్టుచున్న పడవకు దారి ఇవ్వవలెను. ఈ మూడూ, తమ పనిని బట్టి తిరుగలేని ఓడకు, ఉదాహరణకు సముద్రగర్భంలో తీగలు వేయు ఓడకు, చుక్కాని చెడి అదుపు తప్పిన ఓడకు దారి ఇవ్వవలెను. లోతు చాలక పక్కకు తొలగలేని ఓడను సైతం ఇతరులు అడ్డగించరాదు. సూత్రం ఒక్కటే. సులభంగా తిరుగగలిగినవాడు తిరుగలేనివానికి తప్పుకొనవలెను. పరిమాణం, ధనం, జెండా ఇక్కడ లెక్కకు రావు.

కాని దీనికి హద్దు ఉన్నది. విశాఖపట్నం రేవు 1933లో తెరువబడినది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా లోపలి రేవుకు పోయే కాలువ ఇరుకైనది. అట్టి కాలువలో పెద్ద ఓడకు పక్కకు తొలగే చోటు లేదు. కనుక 20 మీటర్లకు తక్కువైన పడవలు, తెరచాప పడవలు, చేపలు పట్టే పడవలు అట్టి ఇరుకు దారిలో పెద్ద ఓడలకు అడ్డు రారాదని తొమ్మిదవ నియమం. బయలు సముద్రంలో రాజు, కాలువలో బంటు అన్నమాట.

మరొక హద్దు కూడా కలదు. వలలు, తాళ్లు నీటిలో ఉండి, వాటివలన పడవ తిరుగుటకు ఇబ్బంది ఉన్నప్పుడే అది "చేపలు పట్టుచున్న పడవ" అగును. వల ఎత్తుకొని ఇంటిదారి పట్టిన మరపడవ ఇతర ఇంజను ఓడల వంటిదే. ఈ భేదం తెలియక ప్రమాదం కొని తెచ్చుకొనుట సంభవము.

కాగితంపై నియమం, నీటిపై ప్రాణం

శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు తెలుగు తీరంలో లక్షలాది కుటుంబాలు చేపల వేటపై ఆధారపడియున్నవి. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు అనేకులు ప్రతి ఏటా గుజరాతులోని వేరావల్ వరకు వలసపోయి అక్కడి మరపడవలపై పనిచేయుచున్నారు. వారి పడవకూ, ఎదురు వచ్చే పెద్ద ఓడకూ నియమం ఒక్కటే అయినను బలం ఒక్కటి కాదు. పెద్ద ఓడ పైనుండి చూచే నావికునికి తన ముక్కు ముందర కొంత నీరు అసలు కనిపించదు. ఈ చాటు ప్రాంతం ఓడ పొడవుకు రెండింతలు లేదా 500 మీటర్లు, ఏది తక్కువైతే అంతకు మించరాదని అంతర్జాతీయ నియమం. అనగా వందల మీటర్ల వరకు చాటు ఉండుట అంగీకృతమే. కర్రతోను, ఫైబరుతోను చేసిన చిన్న పడవ రాడారులో కూడా మసకగా కనిపిస్తుంది.

ఈ కారణంచేత దీపం ప్రాణం వంటిది. వలను ఈడ్చే పడవ తెల్లని దీపంపై ఆకుపచ్చ దీపాన్ని, ఇతర విధాల వేటాడే పడవ తెల్లని దీపంపై ఎర్ర దీపాన్ని చూపవలెను. తెడ్లతో నడిచే చిన్న పడవకు ఇన్ని దీపాలు లేకున్నను, చేతిలో టార్చిలైటో లాంతరో సిద్ధంగా ఉండి, ప్రమాదం రాకముందే చూపవలెనని నియమం. ఒక టార్చిలైటు ఖరీదు ఎంత? ఒక తెప్పపై ఉన్న మనుష్యుల వెల ఎంత?

2021 ఏప్రిల్ 13 రాత్రివేళ మంగళూరుకు దూరంగా సముద్రంలో, బేపూరు నుండి వేటకు వెళ్లిన రబా అనే పడవకు, ఏపీఎల్ ల హావ్ర్ అనే సరుకుల ఓడకు ఢీ జరిగినది. పడవలోని 14 మందిలో ఇద్దరు మాత్రమే ప్రాణాలతో దక్కినారు. ఇట్టి ఘటనలలో పెద్ద ఓడపై ఒక గీత పడవచ్చు. చిన్న పడవ మాత్రం మిగలదు.

రెండు పెద్ద ఓడలు ఢీకొన్నప్పుడు కూడా నష్టం తీరవాసులదే. 2017 జనవరి 28 తెల్లవారకముందు చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు వద్ద, రేవు నుండి బయటకు వచ్చు బీడబ్ల్యూ మేపుల్ అనే గ్యాసు ఓడ, లోపలికి పోవు డాన్ కాంచీపురం అనే తైలపు ఓడ ఢీకొన్నవి. ప్రాణనష్టం లేదు కాని, నల్లని తైలం తీరం వెంబడి వ్యాపించి చెన్నై మెరీనా వరకు చేరినది. మనుష్యులు బకెట్లతో దానిని ఎత్తిపోయవలసి వచ్చినది. చేపలు కొనేవారు లేక మత్స్యకారులు నష్టపోయినారు. ఆ ఓడలలో దేనికి దారి ఉన్నదనే ప్రశ్న వారి ఆకలిని తీర్చలేదు.

ముగింపు

మా విద్యార్థులలో కొందరు వాణిజ్య నౌకలలో ఉద్యోగం చేయగోరుచున్నారు. 2008లో ఏర్పడిన భారత సముద్ర విశ్వవిద్యాలయానికి విశాఖపట్నంలో కూడా ఒక ప్రాంగణం ఉన్నది. గణితం, భౌతికశాస్త్రం శ్రద్ధతో చదివిన మన ప్రాంతపు యువకులకు, యువతులకు ఆ ద్వారం మూసి లేదు. అట్టివారికి ఈ 41 నియమాలు కంఠస్థం కావలెను.

ఓడ ఎక్కని మిగిలినవారికి ఇందులోని రెండవ నియమం ఒక్కటి చాలునని మా అభిప్రాయం. నియమాన్ని పాటించినానని చెప్పుకొన్నంత మాత్రాన, సాధారణ జాగ్రత్తను వదలిన నావికుని బాధ్యత తీరదని అది చెప్పుచున్నది. తక్షణ ప్రమాదం తప్పించుటకు అవసరమైతే నియమాన్ని సైతం విడిచి నడువవలెనని కూడా అదే చెప్పుచున్నది. అనగా, నియమం ఉన్నది మనుష్యులను కాపాడుటకు గాని, మన పక్షాన వాదించుటకు కాదు. ఎవరికి దారి అని పోట్లాడుకొనే ముందు, ఎదుటివాడు క్షేమంగా ఇల్లు చేరుటకు నేను ఏమి చేయవలెనని ఆలోచించుటయే నావిక ధర్మం. నేలపై నడిచేవారికి కూడా అంతకంటె మంచి ధర్మం మాకు కనిపించుట లేదు.